కూర్చుండబెట్టినంతనే చదువగునా?

గణితోపాధ్యాయుడు బోర్డువైపు తిరిగి, సుద్దముక్కతో ఒక సమీకరణమును వ్రాసి, "దీన్ని ఇటు తెస్తే ఇది మైనస్ అయితది, ఇప్పుడు ఇదీ ఇదీ కొట్టేస్తే ఇది మిగులుతది" అని చెప్పెను. తరగతిలోని పిల్లలు తలలూపిరి. మూడవ వరుసలో గోడప్రక్కన కూర్చున్న చూపులేని బాలిక మాత్రము చేతిలోని బ్రెయిలీ స్టైలసును నిలిపి, ‘ఇది’ యనగా ఏదో, ‘ఇటు’ అనగా ఎటో తెలియక, ప్రక్కనున్న పిల్ల నోట ఏదైన మాట వెలువడునేమోయని చెవియొగ్గి యుండెను. అదే తరగతిలో మొదటి బల్లమీద కూర్చున్న వినికిడి లోపముగల బాలుడు గురువుగారి పెదవుల కదలికను చూచి మాట గ్రహించువాడు. గురువుగారు బోర్డువైపు తిరిగినంతనే వానికి పాఠము ఆగిపోయినది. ఆ యుపాధ్యాయుడు దయలేనివాడు కాడు, సోమరి యంతకంటెను కాడు. ప్రతి గుర్తును నోట పలుకుచు వ్రాయవలెననియు, పిల్లలవైపు తిరిగియే మాటలాడవలెననియు ఆయనకు ఎవ్వరును నేర్పలేదు; అంతియే. శేరిలింగంపల్లి మండలములోని ఒక సర్కారు బడిలో, హైటెక్ సిటీ మేడలు కిటికీలోనుండి కనబడు ఒక గదిలో, నేను కన్నులార చూచిన దృశ్యమిది.

బడి విడిచిన పిమ్మట గేటువద్ద ఆ బాలిక తల్లితో మాటలాడితిని. ఆమె పాలమూరునుండి వలస వచ్చి, మాదాపురములోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనములో హౌస్‌కీపింగ్ పని చేయుచున్నది. బడిమీద ఆమెకు కోపము లేదు. "చేర్చుకున్నరు సారూ, కాదనలే. మంచిగనే కూసోబెట్టుకున్నరు. గని పిల్లకు ఏమొస్తలేదు" అని చెప్పి, పిల్ల చేతిని తన భుజముమీద వేసికొని ఆటో స్టాండువైపు నడచిపోయినది. చేర్చుకొనుట, కూర్చుండబెట్టుకొనుట, చదివించుట అను మూడు పనులను ఆ తల్లి మూడు మాటలలో విడదీసి చూపినది. వానిలో మొదటి రెండును సాధించి, మూడవదానిని ఎవరి పనియు కానట్లు విడిచిపెట్టినందువలననే మన బడులలో వికలాంగ బాలబాలికలు హాజరు పట్టీలో పేరుండియు విద్యలో లేనివారగుచున్నారని నా నిశ్చితాభిప్రాయము.

చట్టము ఆ తల్లి పక్షముననే యున్నది. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తింపగా, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్న వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించి, ప్రభుత్వ ధనముతో నడచు బడులకే గాక ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతి బడికిని కొన్ని విధులను నిర్దేశించినది. వివక్ష లేక బిడ్డను చేర్చుకొనుట వానిలో మొదటిది మాత్రమే. భవనమును, ఆవరణమును అందఱికిని అందుబాటుగా నుంచుట, అంధులకును బధిరులకును తగిన భాషలో, తగిన రీతిలో బోధించుట, ఒక్కొక్క బిడ్డ యవసరమును బట్టి సహాయము కల్పించుట, రాకపోకలకు వాహనమును, తోడు లేక కదలలేని బిడ్డయైనచో ఆ తోడు వచ్చువారికిని వాహనమును ఏర్పఱచుట మున్నగునవన్నియు 16వ సెక్షనులోనే వ్రాయబడియున్నవి. 40 శాతమునకు తగ్గని వైకల్యముగల 6 నుండి 18 ఏండ్ల లోపు బిడ్డకు ఇంటి దాపునగల బడిలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కును 31వ సెక్షను ప్రసాదించినది. ఇన్ని విధులలో చేర్చుకొనుట యొక్కటే మనకు అలవడినది. తక్కినవి కాగితములమీద నిలిచినవి.

ఈ భేదమును బొల్లా శ్రీకాంత్ జీవితముకంటె స్పష్టముగా చూపు ఉదాహరణము మన నేలమీద నాకు కానరాదు. మచిలీపట్నము సమీపమునగల సీతారామపురములో పుట్టుకతోనే చూపు లేక జన్మించి, ఊరి బడిలో చివరి బల్లకు పరిమితుడై, పిమ్మట హైదరాబాదునకు వచ్చి అంధుల వసతి పాఠశాలలో చదివి, పదవ తరగతిలో శ్రేష్ఠమైన మార్కులు తెచ్చుకొనిన ఆ బాలునికి, చూపులేనివాడు ఇంటర్మీడియటులో సైన్సు చదువరాదన్న నాటి నిబంధన అడ్డు తగిలినది. వ్యవహారము న్యాయస్థానమునకు వెళ్ళినది, సీటు లభించినది. ఇంతవఱకు కథ అందఱికిని తెలిసినదే. 2024లో వచ్చిన ‘శ్రీకాంత్’ అను హిందీ చలనచిత్రము దానిని దేశమంతట చాటినది కూడను. కాని యీ కథలో నేను మరల మరల తలచుకొనునది తీర్పును కాదు, తీర్పు తరువాత జరిగిన చిన్న పనిని. గురువొకరు పూనుకొని పాఠ్యపుస్తకములన్నిటిని చదివించి ధ్వనిరూపముగా ఆయన చేతికి అందించిరి. వానిని వినివిని ఆయన 98 శాతము మార్కులతో ఉత్తీర్ణుడైనాడు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించినాడు. న్యాయస్థానము తెఱచినది తరగతి తలుపును. చదివించినవి ఆ ధ్వనిపాఠములు. అట్టి పుస్తకములు ఒక గురువు వాత్సల్యముమీద ఆధారపడక, ప్రతి చూపులేని బిడ్డకును జూన్ మాసములో మామూలు పుస్తకములతోబాటు చేతికందు నాడే మనము విద్యాహక్కును గూర్చి మాటలాడ తగుదుము.

పుస్తకముల ప్రసక్తి వచ్చినది గనుక, ఐ.టి. కారిడారులో పనిచేయు వేలాది యువతీయువకులకు క్షణములో బోధపడు సంగతి నొకదానిని ఇచట విప్పి చెప్పుదును. తెలుగు ముద్రణాలయములలో చిరకాలముగా వాడుకలోనున్న ‘అను’ వంటి పాత ఫాంట్లతో కూర్చిన పుటలో కంటికి ‘అమ్మ’ యను తెలుగు మాటయే కనబడును. కాని దాని వెనుక కంప్యూటరు దాచుకొన్నవి తెలుగక్షరములు కావు, పొంతనలేని ఆంగ్ల సంకేతములు. చూపున్నవానికి ఈ భేదముతో పని లేదు. చూపులేని విద్యార్థి మాత్రము తెరమీది మాటను బిగ్గరగా చదివి వినిపించు స్క్రీన్ రీడరుమీద ఆధారపడును. 2006లో మొదలై, చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకుల చేతులమీదుగా పెరిగి, లోకమునకు ఉచితముగా అందిన ఎన్‌వీడీఏ అట్టిదే. అది తెలుగును పలుకగలదు. ఐనను, పాత ఫాంటుతో తయారైన పీడీఎఫ్‌ను దాని ముందుంచినచో, అది పాఠమునకు మాఱు అర్థములేని అక్షరముల గుంపును వల్లించును. ప్రతి లిపి యక్షరమునకును దాని సంకేతమునే కేటాయించు యూనికోడులో తెలుగు లిపి 1991లో వెలువడిన మొదటి కూర్పునాటినుండియు నున్నది. తెలుగక్షరమును యంత్రముచేత చదివించుటకును, తెలుగు వాక్యమును యంత్రముచేత పలికించుటకును గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఏండ్ల తరబడి పరిశోధన సాగినది. అంధులకు అనువైన రూపములోనికి పుస్తకమును మార్చుకొనుటకు 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టమే అనుమతి నిచ్చినది. విద్య యున్నది, విద్వాంసులున్నారు, అనుమతి యున్నది. ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వఱకుగల పాఠ్యపుస్తకములన్నిటిని యూనికోడులోనికి మార్చి, బొమ్మలకు మాటలలో వివరణము చేర్చి, ధ్వనిరూపముగను బ్రెయిలీలోను సిద్ధపఱచుట ఈ నాలుగు మైళ్ళ పరిధిలోనున్న నేర్పునకు ఒక్క వేసవికాలపు పని.

బ్రెయిలీకి కాలము చెల్లినదనియు, ఇకమీదట అంతయు ఫోనే చదివి వినిపించుననియు అనువారున్నారు. వారితో నేను ఏకీభవింపజాలను. ఆరు చుక్కల ఆ లిపిలో మన భాషలన్నిటికిని ఉమ్మడిగా భారతి బ్రెయిలీ 1951లో ఏర్పడినది. కాగితమును పలకలో బిగించి, స్టైలసుతో కుడినుండి ఎడమకు ఒక్కొక్క చుక్కను పొడిచి, కాగితమును త్రిప్పి, ఎడమనుండి కుడికి వ్రేలికొనతో తడిమి చదువు ఆ బాలికకు, ఒత్తు ఎచట నున్నదో, దీర్ఘమెచట నున్నదో తెలియును. వినుటచేతనే చదువు నేర్చిన బిడ్డకు కథ వచ్చును గాని వర్ణక్రమము రాదు, సమీకరణము అసలే రాదు. బ్రెయిలీ నేర్పుటకు మనిషి కావలెను. ఇచటనే అసలు చిక్కు.

సమగ్ర శిక్షా పథకము క్రింద మండల కేంద్రములలో ప్రత్యేకావసరముల పిల్లల కొఱకు భవిత కేంద్రములున్నవి, వానిలో ఐ.ఇ.ఆర్.పి.లు అనబడు రిసోర్స్ పర్సన్లు పనిచేయుచున్నారు. బడులకు వెళ్ళి పిల్లలకు పాఠము సులభము చేయువారును, కదలలేని పిల్లల ఇండ్లకు వెళ్ళి చదువు చెప్పువారును, ఫిజియోథెరపీ శిబిరములకు తల్లులను పిలుచుకొని వచ్చువారును, ఉపకరణముల కొఱకు దరఖాస్తులు నింపువారును వీరే. వీరి శ్రమను దగ్గఱ నుండి చూచినవాడెవ్వడును వీరిని నిందింపజాలడు. కాని మండలమంతకును వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మంది, అందును కాంట్రాక్టు పద్ధతిమీద, ఏటికేడు కొనసాగింపు ఉత్తరువు కొఱకు ఎదురుచూచుచు పనిచేయుచున్నప్పుడు, ఒక బాలికకు ప్రతిదినమును బ్రెయిలీ నేర్పుట ఎట్లు పొసగును? రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేకావసరముల పిల్లలకు ఒకరు, ఆ పై స్థాయిలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని నిర్ణయించినది. 2025 మార్చి 7న మరల రాష్ట్రములన్నిటిని, ఈ పోస్టులను మంజూరు చేసి ప్రకటింపుడని ఆదేశించినది. న్యాయస్థానము కోరినది దానమును కాదు, శిబిరమును కాదు, స్వచ్ఛందసేవను కాదు. ఉపాధ్యాయ పట్టికలో ఒక పోస్టును కోరినది. నేనును దానినే కోరుచున్నాను.

వినికిడి లోపముగల పిల్లల సంగతి మఱింత సూక్ష్మమైనది. వినికిడి యంత్రము చెవికి తగిలించినచో సమస్య తీరినదని పలువురు తలంతురు. యంత్రము గురువు మాటతోబాటు ఫ్యాను చప్పుడును, బల్లల చప్పుడును, ప్రక్కగదిలోని ఎక్కాల పాటను గూడ పెంచి చెవిలో పోయును. దాని చిన్న బ్యాటరీలు కొలది దినములకే అయిపోవును. కొనలేని యింట యంత్రము బడిసంచి అడుగున నిద్రించును. ఆరోగ్యశ్రీ క్రింద ఎందఱో పసిబిడ్డలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఉచితముగా జరిగినది. అది మన ప్రభుత్వములు చేసిన మంచి పనులలో ఎన్నదగినది. కాని శస్త్రచికిత్స ఒకనాటి పని, మాట నేర్పుట కొన్నేండ్ల పని. స్పీచ్ థెరపీ ఆగిపోయినను, యంత్రపు వైరు తెగి మఱియొకటి కొనలేకపోయినను, ఆ బిడ్డ చెవిలో లక్షల విలువగల సాధనము మూగవోవును. ఇక సంజ్ఞాభాషయే తల్లిభాషయైన పిల్లలకు మన మామూలు బడిలో ఆ భాష తెలిసిన పెద్ద యొక్కడైన నుండడు. ప్రత్యేక పాఠశాలలు ఇక వలదను వారితో అందువలననే నేను చేరను: మలక్‌పేటలోని బధిరుల ప్రభుత్వ పాఠశాలవంటి చోట, చుట్టునున్న వారందఱును చేతులతో మాటలాడుచుండగా బధిర బాలుడు ఒంటరి కాడు, బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాల అంధులకు ఆంగ్ల మాధ్యమమున విద్య నేర్పి ఎందఱనో నిలబెట్టినది. కోరి యచటికి వెళ్ళుట హక్కు. ఇంటి దాపున చెప్పువారు లేనందున ఆరేండ్ల బిడ్డను తల్లినుండి విడదీసి హాస్టలుకు పంపుట హక్కు కాదు, గత్యంతరము లేమి.

కాళ్ళు చేతులు స్వాధీనము కాని పిల్లల విషయములో మన బడులు ర్యాంపు నొకదానిని కట్టి చేతులు దులుపుకొనినవి. ర్యాంపు వాలు 1:12కు మించరాదని నియమము. ఆరేసి అంగుళముల మెట్లు మూడున్నచోట ఎత్తు 18 అంగుళములు. దానికి 18 అడుగుల పొడవు వాలు కావలెను. నేను చూచిన ఒక ర్యాంపు ఆ యెత్తునకు ఆరడుగులైన లేదు. మోటారుసైకిలు నెక్కించుటకు తగియున్నది గాని, చక్రాల కుర్చీలోని బాలుడు దానిపై నొంటరిగా దిగినచో పడిపోవును. అంతకంటె ఘోరమైనది మరుగుదొడ్డి. దాని తలుపు ఇరుకై, లోపల పట్టుకొనుటకు కడ్డీ లేక, గడప ఎత్తైయున్నచోట చక్రాల కుర్చీలో వచ్చు ఆడపిల్ల ఉదయమునుండి సాయంకాలము వఱకు నీరు త్రాగదు. తల్లి యింటివద్దనే అట్లు నేర్పి పంపును. ఎండకాలమున గూడ అంతియే. రాయదుర్గము మెట్రో స్టేషనులో లిఫ్టును, అంధుల కర్రకు దారి తెలుపు గరుకు పలకలును వేసిన ఇంజనీరులు ఈ నగరమువారే గదా! సౌకర్యముల నియమములు ఐచ్ఛికములు కావనియు, విధిగా పాటింపదగినవనియు 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తేల్చిచెప్పినది. ఆ తీర్పునకు ఆధారముగా తీసికొనిన అధ్యయన నివేదికను సిద్ధపఱచినది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రము. హైదరాబాదు అధ్యయనము దేశమునకు దారి చూపినది. హైదరాబాదు బడి ఆ దారిన నడువవలసి యున్నది.

ధనవంతుల బిడ్డలకైన ఈ కష్టము తప్పినదా? తప్పలేదు. కారిడారులోని ఖరీదైన బడులు కొన్ని, ప్రవేశము కోరి వచ్చిన తల్లిదండ్రులతో "షాడో టీచరును మీరే పెట్టుకొని, జీతము మీరే ఇచ్చుకొనుడు" అని చెప్పుచున్నవి. లక్షల ఫీజు చెల్లించిన పిమ్మట, తమ బిడ్డ ప్రక్కన కూర్చుండు మనిషికి మరల జీతమిచ్చు తల్లిదండ్రులు నాకు తెలియును. ఇచ్చుకొనలేక ఒకరు ఉద్యోగము మాని బిడ్డతో ఇంటనుండిపోయిన కుటుంబమును తెలియును. గుర్తింపు పొందిన ప్రతి బడియు తన ఖర్చుతో చేయవలసిన పనిని తల్లి నెత్తిన వేయుట అన్యాయము. గుర్తింపును పునరుద్ధరించునపుడు ఆ జీతమెవరు చెల్లించుచున్నారను ఒక్క ప్రశ్నను విద్యాశాఖ యడిగిన చాలును.

ఈ ప్రాంతమున హృదయము లేదని నేననను. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివి మైక్రోసాఫ్టునకు సారథియైన సత్య నాదెళ్ళ, సెరిబ్రల్ పాల్సీతో జన్మించిన తన కుమారుని పెంపకము తనను ఎట్లు మార్చినదో 2017లో ప్రచురింపబడిన ‘హిట్ రిఫ్రెష్’ గ్రంథములో మనసు విప్పి వ్రాసికొనినాడు. కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతమును సమాజము కొఱకు వెచ్చించుచున్నవి. డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినమున, కంపెనీ టీషర్టులు ధరించిన యువతీయువకులు బడులకు వచ్చి చక్రాల కుర్చీలు పంచి, పిల్లలతో ఆడిపాడి వెళ్ళుదురు. వారి మంచితనమును నేను శంకింపను. ఆనాడు ఆ పిల్లల ముఖములలోని వెలుగును చూచితిని. కాని డిసెంబరు 4న చక్రము ఊడినచో బిగించువారెవ్వరు? కుర్చీలోని పిల్లకు పాఠము వ్రాసి యిచ్చువారెవ్వరు? సమగ్ర శిక్షలో ఒక్కొక్క ప్రత్యేకావసరముల బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల కేటాయింపు నియమము. ఉపకరణములు, రవాణా, తోడు అన్నియు దానిలోనే సర్దుకొనవలెను. కంపెనీల ధనము బ్యాటరీలకును, థెరపీకిని, పుస్తకముల మార్పిడికిని తోడ్పడవచ్చును. ఉపాధ్యాయుని జీతము మాత్రము ప్రభుత్వ బడ్జెటులోనే యుండవలెను. దాత మనసు మాఱినచో ఆగిపోవునది విద్య కాజాలదు.

మఱియొక లోపము, చిన్నదే గాని వేరున నున్నది. మన రాష్ట్రములలో వైకల్య ధ్రువపత్రమునకు దశాబ్దమునకు పైగా ‘సదరం’ అను పేరు వాడుకలోనున్నది.  ఆ పత్రము బిడ్డకు ఎంత శాతము వైకల్యమున్నదో చెప్పును; పింఛనునకు అది చాలును. తరగతిలో ఈ బిడ్డకు పెద్దక్షరముల పుస్తకము కావలెనా, మొదటి బల్ల కావలెనా, పరీక్షలో బదులు వ్రాయు స్క్రైబ్ కావలెనా, అదనపు కాలము కావలెనా అనునది మాత్రము అందు లేదు. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో అల్పదృష్టిగల పిల్లలకు పరీక్ష చేసి ఏ భూతద్దము, ఎంత వెలుతురు, ఎంత అక్షరమని వ్రాసియిచ్చు విభాగమున్నది. అట్టి చీటీ ఒకటి ప్రతి బిడ్డ వెంట బడికి వచ్చి, ప్రధానోపాధ్యాయుని బల్లమీద నుండి ప్రతి తరగతి ఉపాధ్యాయునికిని చేరవలెను. శాతముతో గురువునకేమి పని?

పదవ తరగతి పరీక్షలలో ఇట్టి పిల్లలకు ఉత్తీర్ణతా మార్కులు తగ్గించుట, ఒక భాషను మినహాయించుట వంటి సడలింపులున్నవి. అవి దయతో పుట్టినవే. ఐనను, పదేండ్లు పాఠమందనీయక చివరి దినమున మార్కులు తగ్గించుట ఆ పిల్లలకు మనమీయదగిన న్యాయము కాదు.

విద్యాశాఖ వారికి నా విన్నపము. జూన్ 12న బడులు తెఱచుటకు ముందుగా శేరిలింగంపల్లి మండలములోని ప్రతి బడికిని ప్రత్యేకావసరముల పిల్లల లెక్క తీసి, సుప్రీంకోర్టు చెప్పిన నిష్పత్తిలో పోస్టులు ప్రకటింపుడు. ఇన్నేండ్లు కాంట్రాక్టుమీద చాకిరీ చేసిన రిసోర్స్ పర్సన్లకు వానిలో న్యాయమైన వాటా నిండు. ఐ.టి. కారిడారులోని సోదర సోదరీమణులారా, మీ కార్యాలయము నేలను తుడుచు తల్లి యొకతె తన బిడ్డ చదువుటకు యూనికోడులోనున్న ఎనిమిదవ తరగతి గణిత పుస్తకము కొఱకు ఎదురుచూచుచున్నది. దానిని మీరు చేయగలరు. ఈ వేసవిలోనే చేసి ఇండు.